కార్లా మోరిసన్: పెద్ద కంపెనీ సంతకం లేకుండా ఇంత దూరం ఎలా వచ్చింది?

గోదారి_గాలి:
లాటిన్ సంగీతం అంటే మన గ్రూపుల్లో ఎవడైనా రెగెటాన్ గురించో, పెళ్లి సంగీత్‌లో డాన్స్ వేసే నాలుగు పాటల గురించో మాట్లాడతాడు, దాని పక్కనే ఇంకో లోకం ఉందని ఎవరూ పట్టించుకోరు. అందుకే ఈ థ్రెడ్. మెక్సికో అమ్మాయి కార్లా మోరిసన్. 1986లో తెకాతేలో పుట్టింది, బాహా కాలిఫోర్నియా రాష్ట్రం, అమెరికా బోర్డర్‌కి ఆనుకుని ఉండే చిన్న ఊరు. 2009లో అప్రెందియెందో ఆ అప్రెందేర్ అని చిన్న ఈపీ, అంటే కొన్ని పాటలే ఉండే రికార్డు, సొంతంగా వేసుకుంది, 2010లో మియెంత్రాస్ తూ దోర్మియాస్ అని ఇంకో ఈపీ, దానికి ప్రొడ్యూసర్, అంటే రికార్డింగ్ దగ్గరుండి చేయించింది, మెక్సికో గాయని నతాలియా లఫూర్కాదే. 2012లో మొదటి ఫుల్ ఆల్బమ్ దెహెన్మే యొరార్, అదే ఏడాది లాటిన్ గ్రామీల్లో, అంటే లాటిన్ సంగీతానికిచ్చే పెద్ద అవార్డుల్లో, బెస్ట్ ఆల్టర్నేటివ్ ఆల్బమ్, బెస్ట్ ఆల్టర్నేటివ్ సాంగ్ రెండూ కొట్టేసింది. తర్వాత 2015లో అమోర్ సుప్రెమో, మధ్యలో కొన్నేళ్లు మాయం, 2022లో ఎల్ రెనాసిమియెంతో. ఇదంతా సోనీ, యూనివర్సల్, వార్నర్ లాంటి పెద్ద రికార్డు కంపెనీ దేని కిందా లేకుండా. నా ప్రశ్న ఏంటంటే ఇది ఒక మనిషికి కలిసొచ్చిన అదృష్టమా, లేక అక్కడి పద్ధతే అలా పని చేస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి, వికీపీడియా కాపీ పేస్ట్ వద్దు.

టెంపే_కుర్రాడు:
అన్నా మా ఏరియా కనెక్షన్ ఒకటి ఉంది, చెప్పకపోతే నిద్ర పట్టదు. ఈవిడ పదిహేడేళ్లప్పుడు తెకాతే వదిలి అరిజోనా వచ్చేసింది, మేసా కమ్యూనిటీ కాలేజీలో మ్యూజిక్‌లో చేరింది. డాబ్సన్ రోడ్డు మీద పోతే కనిపిస్తది ఆ క్యాంపస్, ఇప్పుడు ఆ చుట్టుపక్కల చాండ్లర్ దాకా ఎంతమంది మనవాళ్లు ఉన్నారో మీకు తెలుసు, వాళ్లలో ఒక్కడికి కూడా ఈ సంగతి తెలీదు. చదువు పూర్తి చెయ్యలేదు, క్లాసులో చెప్పే థియరీ తన పాటకి అడ్డం పడుతోందని మానేసింది. ఫీనిక్స్‌లో ఫ్రెండ్స్‌తో బబలూకా అని బ్యాండ్ పెట్టింది, అక్కడే స్టేజి అలవాటైంది. తర్వాత బ్యాండ్ వదిలేసి మళ్లీ మెక్సికో వెళ్లి సోలోగా మొదలుపెట్టింది. అసలు ముచ్చట ఇదీ: అమెరికాలో ఉండి ఇంగ్లీషులో పాడితే మార్కెట్ పెద్దదని మనమంతా అనుకుంటాం, ఈవిడ ఇటు నుంచి అటు వెళ్లింది.

నల్లేరు:
ఒక్క నిమిషం. ఇండిపెండెంట్ ఇండిపెండెంట్ అని ఊదరగొట్టేస్తున్నారు గానీ ఈవిడ రికార్డులు లాస్ ఏంజెలెస్‌లోని కోస్మికా మీద వచ్చాయి కదండీ. అది లేబులే, అంటే రికార్డు కంపెనీయే కదా? మేనేజ్‌మెంట్ కూడా వాళ్లదే. పైగా లాటిన్ గ్రామీ అంటే ఇండస్ట్రీ వాళ్లు ఇండస్ట్రీ వాళ్లకి ఇచ్చుకునేది. ఇదంతా ఉంచుకుని "ఒంటరి పోరాటం" అంటే ఎలా. ఇంకో సంగతి, రికార్దో అర్హోనా ఉన్నాడు, గ్వాటెమాలా ఆయన, స్టేడియాలు నింపే గాయకుడు, సోనీ, వార్నర్ల నుంచి బయటికొచ్చి సొంత లేబుల్ పెట్టి 2011లో ఆల్బమ్ పేరే ఇందిపెందియెంతే అని పెట్టాడు, డిస్ట్రిబ్యూషన్ మాత్రం వార్నర్. ఆయన్ని కూడా ఈ లిస్టులో వేసేద్దామా మరి?

గోదారి_గాలి:
నల్లేరు గారూ ఒంటరి పోరాటం అని నేనెక్కడ అన్నానండీ 😄 పెద్ద కంపెనీ లేకుండా అన్నాను. రెండూ ఒకటి కాదు.

బేస్_బాబు:
నల్లేరు అడిగింది మంచి ప్రశ్నే, కానీ లేబుల్ ఉందా లేదా అని చూస్తే అసలు తేడా కనపడదు, కాగితం మీద ఏం రాసుంది అన్నది చూడాలి. కొంచెం పొడుగ్గా చెప్తా ఓపిక పట్టండి.

పెద్ద కంపెనీ సంతకం చేయిస్తే సాధారణంగా ఏమవుద్దంటే, ముందు అడ్వాన్స్ ఇస్తారు, చూడ్డానికి భలే ఉంటది. కానీ అది జీతం కాదు, నీ రాయల్టీలోంచి, అంటే రికార్డు మీద నీకొచ్చే వాటాలోంచి, తిరిగి పట్టుకునే డబ్బు. లెక్క వేసుకుందాం, ఉదాహరణకే: లక్ష డాలర్లు అడ్వాన్స్ తీసుకున్నావ్, నీ వాటా 15 శాతం. నీ వాటా లక్ష అవ్వాలంటే రికార్డు మీద ఆరు లక్షల అరవై ఆరు వేల డాలర్ల పైన రావాలి, అప్పటిదాకా నీ చేతికి పైసా రాదు. ఆ లోపు కంపెనీకి మాత్రం మిగతా 85 వస్తూనే ఉంటది. వీడియో ఖర్చు, రేడియో ప్రమోషన్ ఖర్చు చాలాసార్లు నీ ఖాతాలోకే తోస్తారు. ఇంత చేశాక ఆ రికార్డింగ్, అంటే మాస్టర్, ఎవరిది? వాళ్లది. ఇల్లు కట్టడానికి లోన్ తీసుకుని, వాయిదాలన్నీ కట్టాక కూడా ఇల్లు బ్యాంకు పేరు మీదే ఉన్నట్టు.

పైగా ఈ మధ్య 360 డీల్ అని ఒకటి, కచేరీ టికెట్లు, టీషర్టులు, యాడ్లు అన్నిట్లో వాటా అడుగుతారు. ఆల్బమ్ ఎప్పుడు రావాలి, ఏ పాట సింగిల్, పక్కన ఎవడు ర్యాప్ చెయ్యాలి అన్నీ మీటింగులో తేలతాయి.

చిన్న లేబుల్‌తో వేరేలా కుదురుద్ది. అడ్వాన్స్ తక్కువ, అసలు లేకపోవచ్చు కూడా, కానీ లాభం సగం సగం పంచుకోవడం, మాస్టర్ కొన్నేళ్లకే లైసెన్స్ ఇవ్వడం, ఆ తర్వాత తిరిగి తీసుకోవడం లాంటివి మాట్లాడుకోవచ్చు. కార్లా కాంట్రాక్టు నేను చూళ్లేదు కాబట్టి అందులో అది ఉంది ఇది ఉంది అని చెప్పను. బయటికి కనపడేది ఏంటంటే ఆల్బమ్‌కీ ఆల్బమ్‌కీ మధ్య ఏళ్లు గడిచినా ఎవరూ తరమలేదు, సౌండ్ మొత్తం మార్చేసినా ఎవరూ ఆపలేదు. అర్హోనా సంగతి వేరు, అప్పటికే పేరు డబ్బు ఉన్నవాడు బేరం ఆడగలడు. ఈవిడ దగ్గర బేరానికి ఏమీ లేనప్పుడే వద్దనుకుని మొదలుపెట్టింది.

నల్లేరు:
ఇది ఒప్పుకుంటా. అవార్డు మాట మాత్రం వదలను.

రాగమాలిక:
డబ్బు లెక్కలు బాబు గారు చూసుకుంటారు, నేను పాటల గురించి మాట్లాడతా. ఎవరైనా కొత్తగా వినేవాళ్లు దయచేసి వరసలో వినండి, ఎందుకంటే ఈవిడ గొంతు ఒకటే, దాని చుట్టూ గది మారుతూ ఉంటుంది.

రెండో ఈపీలో నతాలియా చేసిన మంచి పని ఏంటంటే ఏమీ ఎక్కువ చెయ్యకపోవడం. గిటార్, అక్కడక్కడా చిన్న చిన్న శబ్దాలు, గొంతు మైకుకి చాలా దగ్గరగా. ఊపిరి తీసుకోవడం వినపడుతుంది, అది చెరిపెయ్యలేదు. నతాలియా అప్పటికే సోనీలో ఉన్న మనిషి, 2002 నుంచి ఆల్బమ్‌లు వేస్తోంది, మొదటి ఆల్బమ్‌తోనే టీనేజ్ పాప్ స్టార్‌ని చేసేశారు, ఆ హడావుడి ఎలా ఉంటుందో తెలుసు. అలాంటి ఆవిడ ఇంకో అమ్మాయి పాట పట్టుకుని దాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యడం చిన్న విషయం కాదు నా లెక్కలో.

దెహెన్మే యొరార్‌కి ప్రొడ్యూసర్లు ఆంద్రెస్ లాందోన్, హువాన్ మాన్యువల్ తొర్రెబ్లాంకా. ఇక్కడ తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి కోరస్ చేశారు, ఒకే మనిషి పదిమందై తనని తానే ఓదార్చుకుంటున్నట్టు వినపడుతుంది. మెక్సికోలో బొలేరో, రాంచేరా పాటల్లో ఏడుపు దాచుకోరు, గుండెలు బాదుకుని పాడతారు, ఆ సంప్రదాయం ఈ ఆల్బమ్‌లో ఉంది కానీ గొంతు పెంచకుండా ఉంది. నాకు నచ్చింది అదే.

ఇక అమోర్ సుప్రెమో. ప్లాయాస్ దె తిహ్వానాలో సముద్రం ఎదురుగా ఇల్లు తీసుకుని అక్కడ చేశారు. గిటార్ వెనక్కి పోయింది, సింథ్‌లు, పెద్ద డ్రమ్స్, రివర్బ్, అంటే ఖాళీ హాల్లో పాడినట్టు మోగే ప్రతిధ్వని, విపరీతం. చాలామంది పాత అభిమానులు "మా అమ్మాయిని ఎక్కడ దాచేశారు" అని గొడవ చేశారు. నేను కూడా మొదట్లో పెదవి విరిచిన బ్యాచే. కానీ హెడ్‌ఫోన్స్‌లో వింటే ఆ డ్రమ్ దెబ్బకీ తర్వాతి దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది చూడండి, ఆ ఖాళీలో గొంతు నిలబడుతుంది, అది మామూలు పని కాదు.

బేస్_బాబు:
ఆ రివర్బ్ నాకు ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తది అక్కా. మాట అర్థం కాకపోయినా మాట వినపడాలి కదా.

రాగమాలిక:
మంచి స్పీకర్ కొనుక్కో తమ్ముడూ 🙂

శాన్‌డియాగో_శీను:
తెకాతే గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి! శాన్ డియాగో నుంచి గంట కూడా పట్టదు, కొండల్లోంచి రోడ్డు. తిహ్వానాలాగా లక్షలమంది హడావుడి ఉండదు, అమెరికా వైపు కార్ పార్క్ చేసి నడిచి గేటు దాటితే ఊళ్లోనే ఉంటాం, నడిచి వెళ్తే మధ్యలో ఒక పార్క్, పావురాలు, బెంచీల మీద పెద్దాయనలు, పక్క వీధుల్లో బేకరీలు. అక్కడ బ్రెడ్డు చాలా ఫేమస్, ఒక బేకరీ అయితే రాత్రీ పగలూ తీసే ఉంటుంది. తెకాతే బీర్ పేరు విన్నారుగా, ఆ పేరు ఈ ఊరిదే, 1944లో అక్కడే మొదలైంది. గేటు మాత్రం రాత్రి మూసేస్తారు, ఇరవై నాలుగ్గంటలు ఉండదు, టైమ్ చూసుకోండి. వీసా గురించి అడిగేవాళ్లకి: అమెరికా వీసా స్టాంప్ వ్యాలిడ్‌గా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, స్టాంప్ ఎక్స్‌పైర్ అయితే మాత్రం రూల్స్ సరిగ్గా చదువుకోకుండా కాలు బయటపెట్టకండి.

ఎందుకు చెప్తున్నానంటే, ఆ గోడ పక్కన పెరిగిన పిల్లలకి రెండు రేడియోలు వినపడతాయి. ఇటు స్టేషన్లు అటు, అటు స్టేషన్లు ఇటు. ఇంగ్లీష్ ఇండీ పాప్, అమ్మ వంటింట్లో పెట్టే రాంచేరా రెండూ ఒకే చెవిలో. హులియెతా వెనెగాస్ అనే ఇంకో గాయని కూడా తిహ్వానాలోనే పెరిగింది, అదే బెల్ట్. మెక్సికో సిటీ వాళ్ల సౌండ్‌కీ వీళ్ల సౌండ్‌కీ తేడా అక్కడుందని నా అభిప్రాయం.

మౌనిక_కరీంనగర్:
నేను గీమెని ఎట్ల విన్ననో చెప్త, మీరు నవ్వుతరు. గీమె పాట దిస్‌ఫ్రూతో రీమిక్స్, ఆడియోయికో అనేటోళ్లు చేసింది. రీల్స్‌ల అందరు పెడుతుంటే పాట మస్తుందని వెతికిన, తీరా సూస్తె అసలు పాట 2012 ఆల్బమ్‌ల ఉన్నది, ఎంత నెమ్మదిగుంటదో. రీమిక్స్ విన్నోళ్లల్ల సగంమందికి అసలు పాట ఉన్నదని గూడ తెల్వదు, గాయని పేరు గూడ తెల్వదు. నా డౌట్ ఏందంటే గట్లాంటప్పుడు పైసలు ఎవలకు పోతయ్? బేస్ బాబన్నా జర చెప్పు.

బేస్_బాబు:
మౌనికా, పాటకి రెండు హక్కులుంటాయి. ఒకటి రాసినవాళ్లది, ట్యూన్, మాటలు. రెండోది రికార్డింగ్ ఓనర్‌ది. అఫీషియల్ రీమిక్స్ అయితే రాసినవాళ్ల వాటా ఎటూ పోదు, ఈవిడ పాటలు తనే రాసుకుంటది కాబట్టి అది తనదే. రీమిక్స్ చేసినతనికి ఒకసారి ఫీజు ఇస్తారు, లేదంటే ఆ వెర్షన్ మీద కొంచెం వాటా. దీని విషయంలో ఎవరికి ఎంత అన్నది వాళ్లకే తెలియాలి. రాసుకుని పాడేవాళ్లకి లాభం ఇక్కడే, గొంతు అప్పిచ్చేవాళ్లకి ఇది ఉండదు.

స్ట్రీమింగ్ గురించి ఒక మాట. "ఒక్కో ప్లేకి ఇంత" అని రేటు కార్డ్ ఏమీ ఉండదు, ఆ నెల వచ్చిన డబ్బంతా ఒక కుండలో వేసి మొత్తం ప్లేలలో నీ వాటా ఎంతో చూసి పంచుతారు. 2024 నుంచి స్పాటిఫైలో పన్నెండు నెలల్లో వెయ్యి ప్లేలు దాటని పాటకి అసలు లెక్కే కట్టరు. మెక్సికో వాళ్లకి కలిసొచ్చింది ఏంటంటే వినేవాళ్ల సంఖ్య, 2018లో స్పాటిఫై వాళ్లే మెక్సికో సిటీని ప్రపంచ స్ట్రీమింగ్ రాజధాని అని ప్రకటించారు. రేడియో వాళ్లు వెయ్యకపోయినా వినే జనం ఉన్నారు. దెహెన్మే యొరార్ వచ్చినప్పటికి మాత్రం ఇదంతా ఇంకా లేదు, అప్పట్లో యూట్యూబ్, ఫేస్‌బుక్, ఊరూరా తిరిగి పాడటం, అంతే.

మౌనిక_కరీంనగర్:
సమజైందన్నా. అంటే రీమిక్స్‌కు దండం పెట్టాలె మనం 😂

పాతపాటల_పిచ్చోడు:
గోదారి గాలి అడిగిన "పద్ధతి" గురించి ఎవరూ సూటిగా చెప్పలేదు. నేను చెబుతాను. లాటిన్ ఆల్టర్నేటివ్, అంటే మామూలు పాప్‌కి పక్కగా నడిచే ఈ పాట, ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎనభైల్లో తొంభైల్లో రోక్ ఎన్ ఎస్పాన్యోల్, అంటే స్పానిష్‌లో రాక్, అని పెద్ద ఊపు వచ్చింది, దాని మీద వేదికలు లేచాయి. 1998 నుంచి మెక్సికో సిటీలో వీవె లాతీనో ఫెస్టివల్. 2000 నుంచి న్యూయార్క్‌లో లాటిన్ ఆల్టర్నేటివ్ మ్యూజిక్ కాన్ఫరెన్స్, మేనేజర్లు, చిన్న లేబుళ్లు, రేడియోవాళ్లు ఏటా అక్కడ కలుస్తారు. 2010లో అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్‌లో ఆల్ట్ లాతీనో అని ప్రోగ్రామ్ మొదలైంది. అదే ఎన్‌పీఆర్ వాళ్ల టైనీ డెస్క్ అనే చిన్న కచేరీల వరసలో కార్లా పాడింది, ఆఫీసులో బల్ల పక్కన నిలబడి. అంటే ఒక కొత్త పిల్ల సొంతంగా పాట వేసుకుంటే అది ఎక్కడికి వెళ్లాలో దారి ఉంది అక్కడ. పెద్ద కంపెనీ గుమ్మం ఒక్కటే గుమ్మం కాదు.

మన దగ్గర తొంభై పాళ్లు సినిమా పాటే పాట. ఇండిపెండెంట్‌గా చేసేవాళ్లు లేరని కాదు, చేస్తే వెళ్లే చోటు ఏది? 2012లో, ఈవిడకి అవార్డు వచ్చిన ఏడాదే, మన కాపీరైట్ చట్టాన్ని సవరించి సినిమా పాట రాసినవాళ్లు, స్వరం కట్టినవాళ్లు రాయల్టీ వాటాని వదులుకోవడానికి వీల్లేకుండా చేశారు. అంతకుముందు సంతకం పెట్టి డబ్బు తీసుకుంటే పాట మొత్తం నిర్మాతకో కంపెనీకో. ఆ చట్టం వచ్చాక కూడా ఎంతమందికి సరిగ్గా అందుతోందో దానికి ఇంకో థ్రెడ్ కావాలి.

నల్లేరు:
ఇప్పుడు అవార్డు సంగతి. 2012 లాటిన్ గ్రామీ సరే. అసలు గ్రామీల్లో రెండుసార్లు నామినేషన్, 2013లో దెహెన్మే యొరార్‌కి, అప్పుడు కెత్సాల్ అనే బ్యాండ్ గెలిచింది, 2017లో అమోర్ సుప్రెమోకి, అప్పుడు ఇలే అనే గాయని గెలిచింది. ఇంత గుర్తింపు వచ్చాక 2017 తర్వాత మాయమైపోయింది. ఇండిపెండెంట్‌గా ఉంటే ఎవరూ తరమరు అని బాబు అన్నాడు. మరి తరిమేవాళ్లు లేకపోతే అంత అలసట ఎందుకొచ్చింది? తనే చెప్పింది ఇంటర్వ్యూల్లో, యాంగ్జైటీ, డిప్రెషన్, స్టేజి అంటేనే భయం అయ్యేదాకా వచ్చిందని. దాని మీద ఒంటి గురించి, బరువు గురించి జనం కామెంట్లు.

రాగమాలిక:
ఇది మంచి పాయింట్. తరిమేవాళ్లు లేకపోయినా అద్దె కట్టాలి కదండీ. అడ్వాన్స్ తీసుకోలేదంటే తిండి కచేరీల మీదే. ఆగితే డబ్బు ఆగుతుంది, టీమ్‌లో వాళ్లందరి జీతాలు ఆగుతాయి. పెద్ద కంపెనీలో బాస్ తిడతాడు, ఇక్కడ బాస్ నువ్వే, ఇంకా ఎక్కువ తిట్టుకుంటావు. అందుకని ఇండిపెండెంట్ అంటే సుఖం అని నేను ఎప్పుడూ అనను.

కానీ ఆగిపోవాలి అనుకున్నప్పుడు ఆగగలిగింది చూడండి. 2019 ప్రాంతంలో పారిస్ వెళ్లి జాజ్ నేర్చుకుంది. గ్రామీ నామినేషన్లు ఉన్న మనిషి, వేలమంది ముందు పాడిన మనిషి, వెళ్లి స్టూడెంట్‌లా బెంచీ మీద కూర్చుంది, అక్కడ తనెవరో ఎవరికీ తెలీదు. ఒకప్పుడు కాలేజీలో మ్యూజిక్ మానేసిన పిల్లే, ముప్పై దాటాక మళ్లీ క్లాసుకి వెళ్లింది! 2020లో ఆన్సియెదాద్ అని పాట వదిలింది, ప్యానిక్ అటాక్ గురించే, ప్రపంచమంతా ఇళ్లల్లో తలుపులేసుకుని కూర్చున్న ఏడాది. తర్వాత 2022లో ఆల్బమ్. గొంతు వాడే తీరు మారింది, కింద స్వరాల్లో తొందరపడకుండా ఉంటుంది ఇప్పుడు.

టెంపే_కుర్రాడు:
అక్కా కంపెనీ కాంట్రాక్ట్ ఉండి ఉంటే "నెక్స్ట్ ఆల్బమ్ ఎక్కడ" అని లాయర్ నోటీసు వచ్చేదేమో.

బేస్_బాబు:
రావచ్చు, రాకపోవచ్చు. చాలా కాంట్రాక్టుల్లో ఇన్ని ఆల్బమ్‌లు ఇవ్వాలి అని ఉంటది, ఇవ్వకపోతే టైమ్ ఆగిపోద్ది, అంటే కాంట్రాక్ట్ అయిపోదు, నువ్వు అందులోనే ఇరుక్కుంటావ్. నాలుగేళ్లు పారిస్‌లో కూర్చున్నా నువ్వు వాళ్ల మనిషివే.

నల్లేరు:
అయితే మోన్ లాఫెర్తే అనే గాయనిని ఎక్కడ పెడతారు? ఆమెది చిలీ, అక్కడ 2003లో టీవీ షో ద్వారా పేరొచ్చింది, అదంతా వదిలేసి 2007లో మెక్సికో వచ్చి మొదట్నుంచి మొదలుపెట్టింది, చిన్న చిన్న చోట్ల పాడింది, 2011లో ఆల్బమ్ సొంతంగా వేసుకుంది, ఆ తర్వాత యూనివర్సల్‌తో వెళ్లింది. వెళ్లాక నోరు మూసుకుందా అంటే లేదు, 2019 లాటిన్ గ్రామీ రెడ్ కార్పెట్ మీద చిలీలో పోలీసుల హింస గురించి ఒంటి మీద రాసుకుని నిలబడింది. కాబట్టి పెద్ద కంపెనీ అంటే బానిసత్వం, చిన్నదంటే స్వేచ్ఛ అని గీత గీస్తే నేను ఒప్పుకోను.

గోదారి_గాలి:
గీత ఎవరూ గియ్యట్లేదు గురువుగారూ. మోన్ లాఫెర్తే యూనివర్సల్‌కి వెళ్లేటప్పటికే తన పాట, తన జనం రెండూ సిద్ధంగా ఉన్నాయి, బేరం ఆడగలిగింది. హులియెతా వెనెగాస్ కూడా అంతే, తొంభైల్లో పెద్ద కంపెనీతో మొదలుపెట్టి పేరు సంపాదించుకుని తర్వాత సొంత లేబుల్‌కి వచ్చింది. ఒకరు అటు నుంచి ఇటు, ఒకరు ఇటు నుంచి అటు, కార్లా మొదట్నుంచీ ఒకే పక్కన. నాకు ఆసక్తి అక్కడే, ఎందుకంటే ఊళ్లో ఉండి ఇంట్లో రికార్డ్ చేసుకునే పిల్లలకి మొదటి రెండు దారులూ అందవు, అందితే మూడోదే అందాలి.

మౌనిక_కరీంనగర్:
మా తమ్ముడు గూడ గిట్లనే రూమ్‌ల దుప్పట్లు కట్టి రికార్డ్ చేస్తడు, ఫోక్ పాటలు. యూట్యూబ్ ఛానల్ వాళ్లు వచ్చి పాటకు ఇంత అని ఒక్కసారి ఇచ్చి మొత్తం రాయించుకుంటం అంటున్నరు. ఈ థ్రెడ్ చదివినంక ఆపిన. ఏం అడగాల్నో చెప్పుర్రి.

బేస్_బాబు:
ముందు అడగాల్సింది "ఎన్నేళ్లకి". మొత్తం ఎప్పటికీ అంటే వద్దను. రెండు, రాసినవాడి హక్కు, రికార్డింగ్ హక్కు వేరువేరుగా రాయించు, రెండూ ఒకే వాక్యంలో కలిపేసి రాస్తారు చూడు, అక్కడే మోసం. మూడు, రీల్స్‌లో, సినిమాల్లో వాడితే ఎవరికి అన్నది కాగితం మీద ఉండాలి, నోటిమాట కాదు. ఐపీఆర్‌ఎస్‌లో, అంటే పాట రాసినవాళ్లకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘంలో, మెంబర్‌షిప్ తీసుకోమను. సంతకం ముందు ఆ కాగితం ఫోటో నాకు మెసేజ్‌లో పెట్టు, చూస్తా.

పాతపాటల_పిచ్చోడు:
జానపదం అంటున్నారు కాబట్టి ఇంకొకటి, పాత బాణీ అయితే బాణీ ఎవరి సొంతమూ కాదు, తమ్ముడు కొత్తగా రాసిన మాటలు, తన రికార్డింగ్ మాత్రం తనవే. అది కూడా రాయించండి.

శాన్‌డియాగో_శీను:
థ్రెడ్ ఎక్కడో మొదలై కాంట్రాక్ట్ క్లాసు అయిపోయింది, మంచిదే. కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి, ఒక్కరైనా చెప్పండి, వీకెండ్ డ్రైవ్ ఉంది.

రాగమాలిక:
2010 ఈపీ. చిన్నది, కొండ రోడ్డు ఎక్కేలోపు అయిపోతుంది. తర్వాత దెహెన్మే యొరార్ మొత్తం. అమోర్ సుప్రెమో మాత్రం కార్లో వద్దు, రాత్రి ఇంటికొచ్చాక హెడ్‌ఫోన్స్‌లో.

బేస్_బాబు:
కార్లో అయినా హెడ్‌ఫోన్స్‌లో అయినా రివర్బ్ అంతే ఉంటది శీను గారూ.

నల్లేరు:
ఈ ఒక్క విషయంలో బాబుతో నేను ఏకీభవిస్తున్నా.